ఢిల్లేశ్వరి తల మీద

నేను ఒక హెల్మెట్‌ని. సైకిలు తొక్కేవాళ్ళు నెత్తిన పెట్టుకునేదాన్ని. మంచి జరుగుతుందని నన్నెవరూ కొనరు. పసుపు కొంటే శుభమని కొంటారు, చెప్పులు కొంటే నడవాలని కొంటారు. నన్ను మాత్రం పడతారనే కొంటారు. నా పుట్టుకే అపశకునం. అందుకే దారిలో గులకరాయి కనిపించినా నా ప్రాణం గుబగుబలాడిపోతుంది.

ఎక్కడో ఉత్తరాది ఊళ్ళో, ఆవిరి కక్కే అచ్చులో తెల్లటి థర్మోకోల్ గుళ్ళు పోసి నన్ను ఉడికించారు. పైన ఎర్రటి డొప్ప తొడిగారు. మాలో పదింటికి ఒకదాన్ని తీసి, ఇనుప దిమ్మ మీద ఎత్తునుంచి పడేసి చూసేవారు. అది సరిగ్గా దెబ్బ కాస్తే మిగతా తొమ్మిదీ మంచివని ముద్ర వేసేవారు. దెబ్బ ఒకరికి, మెప్పు ఇంకొకరికి. మనుషుల న్యాయం నాకు పుట్టిన రోజే తెలిసింది.

మొదట నన్ను విశాఖపట్నంలో ఒక కంప్యూటరు ఉద్యోగి కొన్నాడు. నాతో నలభై ఫొటోలు దిగాడు, నాలుగుసార్లు సైకిలు తొక్కాడు. తర్వాత ఆయన మోజు ఈత మీదికి మళ్ళింది. పాత సామాను ఉంటే పేద పిల్లలకిస్తానని వచ్చిన దాలినాయుడు మాస్టారి సంచిలో పడ్డాను. ఆయనది పలాస. అక్కడి పిల్లలకు కొండదారుల్లో సైకిలు పందేలు నేర్పుతాడు. అలా పద్దెనిమిదేళ్ళ ఢిల్లేశ్వరి తల మీదికి వచ్చాను.

ఏమి తల అది! బెదురు లేదు. ఎత్తెక్కేటప్పుడు ఊపిరి బుసకొట్టేది గానీ మెడ వాలేది కాదు. ఆ పిల్ల ధైర్యం చూసి భయపడింది లోకంలో ఇద్దరమే. నేను, వాళ్ళమ్మ దమయంతి.

దమయంతి జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు కొట్టేది. భర్తది గుజరాత్ తీరాన చేపల బోటు మీద పని. గాలి వీస్తే ఆయన కోసం భయపడేది, గాలి లేకపోతే ఎందుకు వీయడం లేదని భయపడేది. కూతురు సైకిలెక్కితే వాకిట్లో నిలబడి, తిరిగొచ్చేదాకా పచ్చినీళ్ళు కూడా ముట్టేది కాదు. ఆవిడని చూస్తే నాకు తోబుట్టువును చూసినట్టుండేది. ఇద్దరిదీ ఒకటే ఉద్యోగం. జరగబోయే చెడు కోసం కాచుకుని కూర్చోవడం.

మహేంద్రగిరి కొండల్లో తొంభై కిలోమీటర్ల పందెం పెట్టారు. మట్టిదారి, రెండు పెద్ద ఎక్కుడులు, చివర పన్నెండు కిలోమీటర్ల దిగుడు. ఆడపిల్లల్లో మొదటి ముగ్గురికి రాష్ట్ర శిబిరంలో రెండేళ్ళు తిండీ, పడకా, మంచి సైకిలూ. పద్దెనిమిది నిండినా సరే, ఒప్పుకోలు కాగితం మీద తల్లి సంతకం కావాలన్నారు. దమయంతి వారం రోజులు కలం పట్టలేదు.

"కొండల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయంట మాస్టారూ."

"నీ కూతురు ఎక్కడం చూస్తే ఎలుగుబంటే చెట్టెక్కీస్తాది దమయంతీ. సంతకం పెట్టు."

"మీకేటి, నవ్వుతారు. దానికేటయినా అయితే నానేటైపోవాల?"

చివరికి పెట్టింది. పెడుతూ కూతురితో ఒక మాట అంది. "ఇదే ఆకరు. మొదటి ముగ్గుర్లో రానేదా, సైకిలు మాస్టారికి ఇచ్చీసి నాతోపాటు ఫ్యాక్టరీకి రా. నా కళ్ళముందర ఉంటావు."

"వస్తానే. కానీ రావాల్సిన పని ఉండదు సూడు" అంది ఢిల్లేశ్వరి.

పందెం నాటి ఉదయం మాస్టారు చక్రాల్లో గాలి చూసుకుంటున్నాడు. దమయంతి కూతుర్ని పక్కకి పిలిచి, కొంగు ముడి విప్పి చిన్న సీసా తీసింది. ఆముదం. జీడిగింజ డొల్లలోని పాలు తగిలితే చర్మం కాలి ఊడిపోతుంది. అది అంటకుండా ఫ్యాక్టరీ ఆడవాళ్ళు చేతులకి ఆముదం పట్టిస్తారు. ఇరవై ఏళ్ళుగా దమయంతిని కాచిన దేవుడు ఆ సీసాలోనే ఉన్నాడు.

"ఒద్దమ్మా, జిడ్డు" అంది ఢిల్లేశ్వరి.

"తొంభై కిలోమీటర్లు ఎండలో పోతావు, మాడు పేలిపోదా? తల వంచు. వంచకపోతే ఇప్పుడే ఎల్లి నా కూతురు రాదని సెప్పీస్తాను."

అన్నంత పనీ చేసే మనిషే. ఢిల్లేశ్వరి తల వంచింది. దమయంతి సీసా సగం వంపి, అరచేత్తో టపటపా కొట్టి, చెవుల వెనకదాకా పట్టించింది. ఆ తల మీద నన్ను బిగించారు. నా లోపలి మెత్తలు చప్పున ఆముదం పీల్చుకున్నాయి. అప్పుడే నాకు తెలిసిపోయింది. నాకు నోరుంటేనా, ఆ కొండంతా వినపడేలా అరిచేదాన్ని.

మొదటి ఎక్కుడులో ఢిల్లేశ్వరి నాలుగో స్థానం. దిగి తోసుకెళ్ళేవాళ్ళని దాటుకుంటూ రెండో ఎక్కుడు మీద రెండో స్థానం. కొండమీద సవర గూడెం వాళ్ళు డప్పు కొడుతూ, "పిల్లా, తొక్కు!" అని కేకలేశారు. నీళ్ళిచ్చిన ముసలమ్మ ఒకామె, "ముందరున్నది ఒక్కతే, అదీ ఆయాసపడతంది!" అని చేత్తో చూపించింది. ఢిల్లేశ్వరి నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నా పట్టీల్లో ఉంది.

దిగుడు మొదలైంది. ఎండ చురచురలాడింది. చెమట పట్టింది, చెమటతో ఆముదమూ దిగింది. నేను ఎంత ఆపగలను? నుదుటి మీంచి కళ్ళలోకి జారింది. ఆ పిల్ల అరచేత్తో ఒకసారి తుడుచుకుంది. రెండోసారి ఇంకో చేత్తో తుడుచుకుంది. కళ్ళు మసక, చేతులు జిడ్డు. మలుపు దగ్గర బ్రేకు పట్టుకుంది. వేళ్ళు జారిపోయాయి.

నా పని నేను చేశాను. బండరాయి మీద తల పడినచోట నేను నిలువునా చీలాను. తల నిలిచింది. భుజం ఎముక నిలవలేదు.

లేచింది. ఒక చేత్తో సైకిలు తోసుకుంటూ తక్కిన దూరమంతా నడిచింది. ఒక్కొక్కరే దాటిపోయారు. ఏడోదిగా చేరింది. దమయంతి గుండెలు బాదుకుంటూ ఎదురొచ్చింది.

"నాను సెప్పలేదా? సెప్పలేదా నాను? ఓలమ్మో, ఏటయ్యిందే?"

దాలినాయుడు మాస్టారు నన్ను విప్పాడు. లోపలి మెత్తని వేలితో నొక్కాడు. వేలు వాసన చూసుకున్నాడు. మెల్లగా దమయంతి వైపు తిరిగాడు. నోరు తెరవబోయాడు.

"రాయి మాస్టారూ" అంది ఢిల్లేశ్వరి, ఆయన కళ్ళలోకి సూటిగా చూస్తూ. "రాయి తగిలింది. అంతే."

ఆయన వేలు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

ఆ రోజు నుంచి దమయంతి ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పింది. "రాయి నాకు కలలో ముందే అగుపించింది వదినా. ఎవులు ఇంటారు నా మాట?" వినేవాళ్ళు తల ఊపేవారు. భయపడ్డవాళ్ళ మాటే చివరికి నెగ్గుతుందని అందరికీ ఎంత నమ్మకమో! పక్కనే కట్టుతో కూర్చున్న ఢిల్లేశ్వరి, "అవును, అమ్మ ముందే చెప్పింది" అనేది. అంతకన్నా బరువు నేనెన్నడూ మొయ్యలేదు.

ఇప్పుడు నేను వాకిటి గోడ మీద బోర్లా ఉన్నాను. నా చీలికలో చీమలు పుట్ట పెట్టుకున్నాయి. సైకిలేమో మాస్టారి దగ్గరకు వెళ్ళిపోయింది. దమయంతి రాత్రిళ్ళు హాయిగా గుర్రుపెట్టి నిద్రపోతోంది. అలా నిద్రపోయి పద్దెనిమిదేళ్ళయిందట.

నిన్న సోమవారం. కట్టు విప్పిన ఢిల్లేశ్వరి తలకి పాత తువ్వాలు చుట్టుకుని మొదటిసారి పనికి బయల్దేరింది. ఫ్యాక్టరీ గేటు మా ఇంటికెదురే, నూరడుగులు కూడా ఉండదు.

"రోడ్డు సూసుకుని దాటు అమ్మా" అంది దమయంతి గుమ్మంలోంచి.

ఢిల్లేశ్వరి ఆగింది. అటు చూసింది, ఇటు చూసింది. కనుచూపుమేర ఒక్క బండి లేదు. అయినా ఇంకోసారి రెండువైపులా చూసి, మెల్లగా దాటింది.