కీలో లేని బాణం

రేపల్లె బడిలో సాంఘికశాస్త్రం చెప్పే రత్నం టీచరుకు ఆ ఎర్రగీత చూడగానే ఒళ్లు మండింది. నీటి ప్రయాణం గురించి పిల్లలు బాణాలు వేసి గీసిన కాన్సెప్ట్ మ్యాపులు దిద్దడానికి తెనాలి నుంచి వచ్చిన వెంకటస్వామి మాస్టారు, తీరాన ఉన్న అడవులదీవి పిల్ల జెస్సీ సముద్రం నుంచి పొలానికి వేసిన బాణాన్ని కొట్టేసి సున్నా పెట్టాడు.

"నీళ్లు పొలం నుంచి సముద్రానికి పోతాయండి. ఆన్సర్ కీలో అలాగే ఉంది," అన్నాడాయన.

"మీ తెనాలిలో పోతాయండి. వాళ్ల ఊళ్లో పోటొస్తే ఉప్పునీళ్లు మురుగుకాలువలోంచి వెనక్కెక్కుతాయి. నిరుడు వాళ్ల వరి అలాగే పోయింది."

"కీలో లేనిదానికి మార్కులేంటండి?"

రత్నం ఆ కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది.

"అయితే ఈ ఎర్రగీతేదో వెళ్లి వాళ్ల పొలం గట్టు మీద గియ్యండి సార్. సముద్రం ఆగుతుందేమో చూద్దాం."