పేరు పక్కన పచ్చ చుక్క

“ఈ వైరు తగిలిస్తే మన ఫోను మోగదేమో పాపా! వాడు సరిగ్గా ఈ పొద్దే చేసినాడనుకో, ఏం కావల్ల?”

పెంచలమ్మ ఆ మాట అనేసరికి కూతురు భువనేశ్వరి ఇంకా నీలం వైరు చుట్టయినా విప్పలేదు.

“మోగుతాది మా. ఆర్నెల్లుగా చెయ్యనోడు ఈ పొద్దు చేస్తాడా?”

“అట్లనద్దే. పోయిన శుక్రవారం ఒకసారి మోగి ఆగిపోలేదా? వాడే అయ్యుంటాడు.”

“అది రాంగ్ నంబరు. నేనే కదా ఎత్తింది!”

నగరిలో వాళ్లది నాలుగు మరమగ్గాల ఇల్లు. ముందు రెండు గదులు, వెనకనే మగ్గాల షెడ్డు. ఒకరోజు మగ్గం చూసుకోమని పెంచలమ్మ మొగుడు కోదండం చెప్పిపోతే, కొడుకు జయచంద్ర టీవీ ముందు కూర్చుని వీడియో గేములో మునిగిపోయాడు. పడుగులో నిలువు పోగులు తెగినా మగ్గం తన పాటికి తాను నేసుకుంటూ పోయింది. తండ్రి తిరిగొచ్చేసరికి గుడ్డ పొడుగునా చీలికలే. “నా ఇంట్లో కూడు తినే మొగమేనా నీది?” అన్నాడు కోదండం. సగం తిన్న కంచం ముందు నుంచి లేచి బెంగళూరు బస్సెక్కిన పిల్లవాడు మళ్లీ గడప తొక్కలేదు. ఇంటి నంబరు కనబడితే చాలు, ఫోను కట్ చేసేస్తున్నాడు.

వాడికి జ్వరమేమో, యాడన్నా లారీ కింద పడ్డాడేమో, తెలిసినవాళ్లు తన దగ్గర దాస్తున్నారేమో అని పెంచలమ్మకు తిన్న ముద్ద దిగేది కాదు. వాడు వదిలిపోయిన గేమ్ పెట్టెను రోజూ కొంగుతో తుడిచేది. వాడి బొటనవేళ్ల కింద అరిగిన మీటల మీద తన వేళ్లు పెట్టుకుని కాసేపు అలాగే కూర్చునేది.

బెంగళూరులో ఉన్న వాడి స్నేహితుడు ధనంజయ మొన్న భువనేశ్వరికి ఒక సంగతి చెప్పాడు. జయచంద్ర అక్కడ ఇంకో గేమ్ పెట్టె కొన్నాడట. ఆదివారం మధ్యాహ్నం దాన్ని ఇంటర్నెట్‌కు తగిలించి, చెవులకు మైకు పెట్టుకుని, ఊరూపేరూ తెలియని వాళ్లతో మాట్లాడుతూ ఆడతాడట.

“ఎవురెవురితోనో మాట్లాడతాడంటనా! కన్నతల్లితో మాట్లాడేదానికి నోరు లేదా?” అని ఆ పూటంతా మూతి ముడుచుకుంది పెంచలమ్మ. తెల్లారి లేచి, “ఆ ఇంటర్నెట్టేదో మనమూ పెట్టిచ్చుకుందామే,” అంది.

ఇప్పుడు, ఆదివారం మధ్యాహ్నం, భువనేశ్వరి ఫోను పక్కన కొత్తగా పెట్టించిన మోడెమ్ నుంచి తలుపు మీదుగా వైరు లాగి గేమ్ పెట్టె వెనక గుచ్చింది.

“చెప్పులేసుకోని ముట్టుకోవే, షాక్ కొడతాది!”

“దీంట్లో కరెంటే ఉండదు మా.”

మొదట కనెక్షను రాలేదు. వైరు పీకి మళ్లీ గట్టిగా నొక్కితే టిక్కుమంది. చిన్న దీపం వెలిగింది. తెర మీద ఒక గీత చీమలాగా పాకుతూ పోయింది. పెట్టె వేడెక్కిందని పెంచలమ్మ విసనకర్ర తెచ్చి విసరసాగింది. ధనంజయ చెప్పినట్టు వెతికితే చివరికి జయచంద్ర పేరు వచ్చింది, పక్కన పచ్చ చుక్క.

“పచ్చగుంటే ఏమి?”

“ఇప్పుడు ఆడతా ఉండాడని.”

“అంటే బాగుండాడు,” అని పెంచలమ్మ తెర మీద ఆ పేరును వేలితో తాకింది. “పిలువు వాణ్ణి. ఉండు, ఈ మోతలో ఏం వినపడతాది?”

పరుగున షెడ్డులోకి పోయింది. “ఏమయ్యా, మగ్గాలు కాసేపు నిలుపు.”

“కరెంటుండాది, అమాస సెలవు గూడా కాదు. మగ్గాలు నిలిపేదానికి మనింట్లో ఎవురన్నా పోయినారా?” అన్నాడు కోదండం.

“వాని గొంతు ఒక్కసారి వినల్లయ్యా!”

కోదండం వెనక్కి తిరిగాడు. ఒక్కో స్విచ్చు దగ్గరికి నడిచి వెళ్లి నాలుగూ ఆపాడు. ఇల్లంతా ఎన్నడూ లేనంత నిశ్శబ్దమైంది.

భువనేశ్వరి తల్లి చెవులకు పెట్టెతో పాటు వచ్చిన మైకు తగిలించి, గొంతు టీవీలోంచి వచ్చేటట్టు పెట్టి పిలిచింది. అవతల తీసుకున్నట్టు తెర మీద గుర్తు కనబడింది. 

“జయా,” అంది పెంచలమ్మ. “అన్నం తింటివా నాయనా?”

ఆమె టీవీకి ఇంకాస్త దగ్గరికి జరిగింది.

“అమ్మను రా. కోపమున్నా పర్వాలే, ఊ అనరా చాలు.”

టీవీలో ఆట చప్పుడు ఆగిపోయింది. ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు మాత్రం వస్తోంది. చిన్నప్పుడు ఉబ్బసం వచ్చినప్పుడు కూడా వాడు ఇలాగే పీల్చేవాడు. ఆయాసపడుతున్నాడేమో, మందులున్నాయో లేవో! ఆమె రెండు చేతులతో మైకు పట్టుకుంది. తలుపు దగ్గరికి కోదండం వచ్చి నిలబడ్డాడు.

“మా,” అంది టీవీ.  “మగ్గాల మోత వినపడలేదే, యాల ఆగినాయి? కరెంటుండాది కదా! నాయనకేమయింది? చెప్పు మా, నాయన యాడ?”

పెంచలమ్మ లేచింది. మైకు తీసి మొగుడి వైపు చాచింది. ఆయన దాన్ని అందుకుని, దూది పోగులంటిన చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. 

“నాయనా?”

“ఈడనే ఉండాను రా,” అన్నాడు కోదండం.