వదిలేసిన రౌండు

“ఇక తల నేలకు ఆనించకు బాబూ. ఇంకొక్కసారి మెడ మీద పడ్డావంటే కాళ్లూ చేతులూ రెండూ పోతాయి.”

ఎముకల డాక్టరు ఆ మాట చుట్టూ తిప్పకుండా చెప్పేశాడు. మెడ ఎక్స్‌రేని లైటు ముందు పెట్టి, నరం నలుగుతున్న చోటు పెన్నుతో తట్టి చూపించాడు. తమ్ముడు బుద్ధిగా తలూపాడు. గది దాటగానే అక్క వైపు తిరిగి పళ్లికిలించాడు.

“తల ఊపడానికి మెడ బాగానే పనికొస్తోంది కదక్కా!”

“ఒరేయ్, చంపేస్తాను.”

“ఆదివారం పోటీ ఒక్కటి అవనీ. సోమవారం నుంచి నువ్వెలా అంటే అలా. అమ్మకి చెప్పకు. పోటీ పెట్టినవాళ్లకి అసలే చెప్పకు, పేరు కొట్టేస్తారు.”

ఆమె చెప్పలేదు. ఆ ఒక్క పని చేసి ఉంటే ఈ కథే లేదు.

డాన్సు చేసేవాళ్లలో తమ్ముడి పేరు బొంగరం. బ్రేకింగ్ వాడి ప్రాణం. తల నేలకు ఆనించి, కాళ్లు గాల్లోకి విప్పి తిరగడం మొదలుపెడితే చూసేవాళ్లకే కళ్లు తిరిగేవి. అక్క పేరు కరెంటక్క. లాండ్రీలో ఇస్త్రీ పని. ఆవిరి పెట్టె బుస్సుమన్నప్పుడల్లా ఒక్కో కండ బిగించి వదిలేది. మణికట్టు, మోచేయి, భుజం. ఒంట్లోంచి షాకు కొట్టినట్టుండే ఆ పాపింగ్‌ని ఆమె ఏ మాస్టారి దగ్గరా నేర్చుకోలేదు. “చొక్కా ఇస్త్రీ చేస్తున్నావా, దానికి దయ్యం వదిలిస్తున్నావా తల్లీ?” అనేవాడు ఓనరు.

ఆదివారం పోటీలో ఏ స్టైలు వాళ్లయినా దిగొచ్చు. గెలిచినవాళ్లకి ఊరూరా ప్రదర్శనలిచ్చే బృందంలో చోటు. ఒక్కటే చోటు. అక్కాతమ్ముళ్లిద్దరూ దానికోసం ఏళ్ల తరబడి కాచుకున్నవాళ్లే. కానీ ఆ రోజు ఆమెకి చోటు గుర్తులేదు. వాడు తల నేలకు ఆనించకుండా ఇంటికి రావాలి. అంతే.

మూతపడ్డ గోడౌనులో సిమెంటు మీద పలకలు పరిచారు. చుట్టూ జనం, మధ్యలో ఖాళీ. మధ్యాహ్నానికల్లా లోపల చెమట వాసన కమ్మేసింది. సెమీస్‌లో తమ్ముడికి లాకింగ్ చేసే కుర్రాడు తగిలాడు. జోరుగా చేతులు విసిరి, టక్కున బిగుసుకుపోయి, ఎదుటివాడి వైపు వేలెత్తి పకపకా నవ్వడం వాడి ఆట. ఒళ్లంతా వెటకారమే. జనం పడీపడీ నవ్వారు. తమ్ముడు చేతులు నేలకు ఆనించి, కాళ్లని కత్తెరలా ఆడించి, వాణ్ణి ఓడించేశాడు. తల మాత్రం నేలకు తాకలేదు.

‘దాచుకుంటున్నాడు. ఫైనల్‌కి దాచుకుంటున్నాడు,’ అనుకుంది అక్క.

ఆమెకి తగిలిన అమ్మాయిది క్రంప్. పాదాలతో నేలని తొక్కుతూ, ఛాతీ ఎగరేస్తూ, ఎవరి మీదో ఇన్నాళ్లు మింగిన కోపమంతా పిడికిళ్లతో గాలిలోకి విసిరింది. కరెంటక్క ఒంట్లో ఉన్నదంతా తీసి జవాబు చెప్పింది. గెలిచింది. ఓడిన అమ్మాయి వచ్చి తడిసిన ఒంటితోనే వాటేసుకుంది.

“నన్ను మనిషిలా చూసి ఆడావక్కా. మనసు తేలికైంది.”

వలయంలో చట్టం అదే. ఎదుటివాళ్లని ఎంత గౌరవిస్తే అంత గట్టిగా ఆడాలి. ఒళ్లు దాచుకుని ఆడటమంటే మొహాన ఉమ్మడమే. ఆ సంగతి కరెంటక్కకి కొత్త కాదు. కానీ ఫైనల్‌లో ఎదురుగా తమ్ముడు నిలబడేసరికి ఆమె బుర్రలో ఒక్క లెక్కే తిరిగింది. ‘నేను చెత్తగా ఆడితే వాడు చేతుల మీదే గెలిచేస్తాడు. తల దాకా పోవాల్సిన పనే ఉండదు.’

మధ్యలో సీసా గిర్రున తిప్పారు. మూతి ఆమె వైపు ఆగింది. ముందు ఆట ఆమెదే.

పాట మొదలైంది. ఆమె ఒక చెయ్యి ఊపింది. ఇంకో చెయ్యి ఊపింది. బస్సు కోసం నిలబడ్డ మనిషిలా అటో అడుగు, ఇటో అడుగు వేసింది. ఒక్క కండ కూడా బిగించలేదు. పాట సగంలో ఉండగానే పక్కకి తప్పుకుంది.

“ఏంటక్కా, పవర్ కట్టా?” అన్నాడు మైకు పట్టుకున్నవాడు. గోడౌనంతా గొల్లుమంది.

ఆమె పట్టించుకోలేదు. తమ్ముడి మొహంలో ఊరట కోసం చూసింది. ఆ మొహం నల్లబడిపోయి ఉంది. వాడు చెవి దగ్గరికి వచ్చాడు.

“జాలా? నా మీదా? ఇంతమందిలోనా?”

“కన్నా, మామూలుగా ఆడు చాలు, నువ్వే గెలు…”

“బిచ్చమేశావు కదే!”

పుట్టాక మొదటిసారి వాడు ఆమెని అలా అన్నాడు. టోపీని చెవుల దాకా లాక్కున్నాడు. ఆమె చెయ్యి చాచేలోపే తల నేలకు ఆనించేశాడు.

తిరిగాడు. కాళ్లు మొదట విచ్చుకున్నాయి, తర్వాత దగ్గరకొచ్చాయి, వేగం పెరిగింది. జనం కేకలు పాటని మింగేశాయి. ఆపడానికి ఎడమచెయ్యి నేల మీద పెట్టాడు. నరం నలిగి, కొన్నాళ్లుగా స్పర్శ సరిగా తెలియని చెయ్యి అది. మడతపడిపోయింది. మెడ పక్కకి ఒరిగింది, ఒళ్లంతా దాని మీద పడింది. ఒక మోకాలు ముడుచుకుని, ఒక చెయ్యి ఛాతీ కింద ఇరుక్కుని, వాడు అలాగే ఆగిపోయాడు.

బ్రేకింగ్‌లో ఆట ముగించేది అలాగే. ఉన్నట్టుండి ఒక భంగిమలో శిలైపోవాలి. దాన్ని ఫ్రీజ్ అంటారు.

“ఫ్రీజ్! అబ్బా, ఏం ఫ్రీజ్ రా బాబూ!”

పాట వేసేవాడు మురిసిపోయి సరిగ్గా అక్కడే పాట ఆపాడు. జనం చేతులతో నేలని బాదారు. జడ్జీలు ముగ్గురూ తమ్ముడి వైపే చేతులెత్తారు. బిగించిన కండకీ వదిలేసిన కండకీ తేడా ఆ గోడౌనులో అందరికన్నా ఎక్కువ తెలిసినది కరెంటక్కకే. ఆ ఒంట్లో ఎక్కడా బిగువు లేదు.

“ముట్టుకోకండి! ఎవరూ ముట్టుకోకండి!” అని అరుస్తూ వాడి పక్కన మోకాళ్ల మీద పడింది. ఓడిన అక్క గెలిచిన తమ్ముడికి మొక్కుతోందనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. క్రంప్ అమ్మాయికి ముందు అర్థమైంది. చేతులు చాచి జనాన్ని వెనక్కి నెట్టింది. అప్పటికి చాలాసేపైంది.

ఆస్పత్రి వరండాలో అమ్మ ఒక్కటే అడిగింది.

“నీకు ముందే తెలుసా?”

ఆమె తలూపింది. ఆ తర్వాత అమ్మ ఆమెతో అవసరానికి మించి మాట్లాడలేదు.

తమ్ముడికి మాట మిగిలింది. మెడ కింద ఏమీ మిగల్లేదు. ఒక ఉదయం ఆమె వాడి పెదవులు తడుపుతుంటే చాలా మామూలుగా చెప్పాడు.

“ఆ రోజు నేను తల ఆనించేవాణ్ణి కాదక్కా. సెమీస్‌లో చూశావుగా. ఫైనల్‌లోనూ చేతుల మీదే అనుకున్నా. నువ్వు గట్టిగా ఆడితే నా వల్ల కాదని తెలుసు. ఓడిపోయి, నిన్ను భుజాల మీద ఎక్కించుకుని గోడౌనంతా తిప్పుదామనుకున్నా.”

“మరి చెప్పలేదేంరా? ఒక్క మాట ముందే చెప్పలేదేం?”

“చెబితే నువ్వు నిజంగా ఆడేదానివా?”

ఆమె తడిగుడ్డని మళ్లీ గిన్నెలో ముంచి పిండింది. పక్క మంచం దగ్గర ఎవరో స్టూలు లాగిన చప్పుడైంది.

“ఆ రోజు ఆడాల్సింది ఇప్పుడాడు,” అన్నాడు.

“వద్దురా.”

“ఆడక్కా. చూడాలి.”

మంచానికీ గోడకీ మధ్య ఉన్న కాస్త చోటులో లేచి నిలబడింది. ఒళ్లు మాట వినదేమో అనుకుంది. వినకూడదని కోరుకుంది కూడా. మణికట్టు కొట్టింది. మోచేయి అందుకుంది. అక్కణ్ణించి భుజం, ఛాతీ, రెండో భుజం. ఒంట్లో ప్రతి కండా అడిగీ అడగ్గానే, ఎన్నడూ లేనంత శుభ్రంగా పలికింది.

తమ్ముడు కళ్లు మూసుకున్నాడు.

“చాలు,” అన్నాడు. “చాలక్కా. ఆ తెర వెయ్యి, ఎండ కొడుతోంది.”

ఆమె తెర వేసింది.