సెలవు మనిషి

...కాదు, ఇది కూడా కాదు. ఇది నొక్కితే హాల్లో ఫ్యాను ఆగింది. పక్కది నొక్కితే ఫ్రిజ్ ఒక్కసారి వణికి ఊరుకుంది. ఎవరో చూస్తున్నట్టు గబగబా మళ్ళీ వేసేశాడు. పైన డాబా మీద ట్యాంకు పొంగుతోంది. సన్‌షేడ్ మీద పడ్డ నీళ్ళు సందులోకి ధారగా కారుతున్నాయి. ఎదురుగా రెండు వరసల స్విచ్చులు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. వీటిలో మోటారుది ఏది? తన ఇల్లే కదా, గుమ్మం పక్కన రాయి మీద చెక్కించింది తన పేరే కదా. మరి చెయ్యెందుకు ఇంకోదాని మీదికి వెళ్ళనంటోంది?

"నాగవల్లిగారూ! ట్యాంకు పొంగుతోందండీ," పక్కింటి డాబా మీంచి తెరేసమ్మ కేకేసింది. "ఇంట్లో ఎవరూ లేరా ఏంటి?"

నేనున్నాను అని జయకృష్ణ అనాలి. పలకకుండా బోర్డుకి ఇంకా దగ్గరగా జరిగాడు.

వీధిలోంచి చెప్పుల చప్పుడు వినిపించింది. మోటారు వేసి స్నేహితురాలింటికి వెళ్ళిన కూతురు మనోజ్ఞ పరుగున వచ్చి, తండ్రి భుజం పక్కనుంచి చెయ్యి పోనిచ్చి, బోర్డు వైపు చూడకుండానే ఒక స్విచ్చు కట్టేసింది. పైన ధార సన్నబడి ఆగిపోయింది.

"నువ్వు కూర్చో నాన్నా. నేను చూసుకుంటాగా," అంది.

అతను కూర్చున్నాడు.

చదివేవారికి ఇది నవ్వుకునే సంగతిగా కనిపించవచ్చు. జయకృష్ణ సైన్యంలో హవల్దారు, పనికి ఎలక్ట్రీషియన్. చేతి తొడుగు తీస్తే చర్మం ఇనుముకు అతుక్కుపోయే చలిలో, చీకట్లో తడుముకుంటూ జనరేటర్లు బాగుచేసినవాడు. అటువంటివాడు భవానీపురంలో సొంతింటి స్విచ్చుబోర్డు ముందు చెమటలు కక్కాడంటే ఎవరు నమ్ముతారు? కానీ అక్కడి భయానికి ఒక దిక్కుండేది. అది ఎటునుంచి వస్తుందో తెలుసు, వస్తే ఏం చెయ్యాలో నేర్పి ఉన్నారు. ఈ భయానికి దిక్కంటూ లేదు. పొద్దున కళ్ళు తెరవగానే మొదలై, రోజంతా అతనితోపాటు గదుల్లో తిరిగేది.

ఇది అతని ఆఖరి సెలవు. మరో అయిదు నెలల్లో పింఛను తీసుకుని ఇంటికి వచ్చేయాలి.

ఇన్నేళ్ళూ సెలవుకు వచ్చిన ప్రతిసారీ ఆ ఇంట్లో ఒక పద్ధతి నడిచేది. మొదటి పెసరట్టు అతనికే. ఫ్యాను కింద కుర్చీ అతనిదే. సంచీ పట్టుకుని బజారుకు బయల్దేరితే ఎవరో ఒకరు సంచీ లాక్కునేవాళ్ళు. "పాపం, సెలవు మీద వచ్చిన మనిషి" అనేవాళ్ళు. కుళాయి పాడైనా, కూతురికి జ్వరమొచ్చినా, చుట్టాలతో మాటపట్టింపు వచ్చినా అతని చెవిన పడనిచ్చేవాళ్ళు కాదు. అది ప్రేమే. ఆ ప్రేమలో అతను ఏళ్ళ తరబడి హాయిగా కూర్చున్నాడు. ఇప్పుడు లేవాల్సిన వేళకి కాళ్ళు రావడం లేదు. గ్యాసు బండ ఎవరికి చెప్పాలో తెలీదు. కూతురు ఇంటర్లో ఏ గ్రూపో నిన్న పక్కింటివాళ్ళకి తప్పు చెప్పాడు. ఆ పిల్ల సరిదిద్దలేదు, తల వంచుకుంది.

దీనికతను లోపల్లోపల ఒక దారి చూసుకున్నాడు. పింఛను పొందిన సైనికుల్ని కాపలా పనులకి మళ్ళీ చేర్చుకునే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్ ఉంది. అందులో చేరితే మళ్ళీ యూనిఫాం, మళ్ళీ బ్యారక్, మళ్ళీ ఏడాదికోసారి సెలవు. పొద్దున టిఫిను దగ్గర ఆ మాటే అన్నాడు. పిల్ల చదువుంది కదా, మరికొన్నేళ్ళు చేస్తే మంచిదన్నాడు.

"మీ ఇష్టమండీ," అంది భార్య నాగవల్లి.

ఆమె వెంటనే అంది. ఆ అనడంలో, ఎన్నాళ్ళుగానో బిగపట్టిన ఊపిరి వదిలినట్టు ఆమె భుజాలు కిందికి జారాయి. అప్పట్నుంచీ అతన్ని వెంటాడుతున్నవి ఆ భుజాలే.

ఆ సాయంత్రం పెన్ను మూత బీరువా కిందికి దొర్లిపోయింది. తీద్దామని బీరువా కాస్త జరిపాడు. వెనక గోడ మీద బురదరంగు గీత ఒకటి, ఈ మూల నుంచి ఆ మూలకి తిన్నగా ఉంది. గీత కింద గోడ ఒక రంగు, పైన ఒక రంగు.

"ఇదేంటి నాగా?"

ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి అప్పుడే వచ్చిన నాగవల్లి, చీర కుచ్చిళ్ళకి అంటిన సుద్దపొడి దులుపుకుంటూ చూసింది. "అదా, ఆ మధ్య బుడమేరు వాగు పొంగింది కదండీ. అప్పటిది. బీరువా చాటున కనపడదు కదా అని అక్కడ రంగు వేయించలేదు."

"నీళ్ళు వీధి చివరే ఆగిపోయాయన్నావు ఫోన్లో."

"మీరెక్కడో అక్కడ, మేమిక్కడ. చెప్పి ఏం చేస్తాం? మీరు కూర్చోండి, కాఫీ తెస్తాను."

ఆమె లోపలికి వెళ్ళాక అతను గోడకి ఆనుకుని నిలబడ్డాడు. గీత అతని గుండెల మీదికి వచ్చింది. నాగవల్లి అతనికంటే పొట్టి. ఆమెకి గొంతు దగ్గరికి వస్తుంది. వరద వచ్చిన ఆ ఏడాదే, ఎత్తయిన కొండల మీద ఊపిరితిత్తుల్లో నీరు చేరి అతను మిలిటరీ ఆసుపత్రిలో నెల్లాళ్ళు పడి ఉన్నాడు. డ్యూటీ ఎక్కువగా ఉంది, ఫోను కుదరడం లేదని ఇంటికి చెప్పాడు. వాళ్ళు అతనికి దాచారు, అతను వాళ్ళకి దాచాడు. దాచడమే ప్రేమనుకుని ఇన్నేళ్ళు కాపురం చేశారు.

మర్నాడు కంకిపాడు బస్సెక్కాడు. కొత్తగా సైన్యంలో చేరినప్పుడు అతనికి పైన ఉన్న సుబేదారు పూర్ణచంద్రరావు గారు ఉండేది అక్కడే. ఆయన కూడా పింఛను తర్వాత ఆ కోర్‌లో చేరి, అదీ ముగించుకుని వచ్చిన మనిషి. సలహా అడుగుదామని ఇంట్లో చెప్పాడు. నిజానికి 'వెళ్ళవోయ్' అని ఆయన నోటితో అనిపించుకోవాలని వెళ్ళాడు.

మార్కెట్ యార్డు దాటాక ఒక సందులో ఇల్లు. సుబేదారుగారి భార్య రమాసుందరి వరండాలో మినుములు చెరుగుతోంది.

"సాబ్ ఉన్నారాండీ?"

"మీ సాబ్ ఈ ఇంట్లో ఉండరు బాబూ, వెనక క్వార్టర్లో ఉంటారు. తలుపు కొట్టి వెళ్ళు, లేకపోతే డిసిప్లిన్ లేదంటారు." చాలామందితో చాలాసార్లు అని అరిగిపోయిన మాటలా ఉంది అది.

పెరట్లో రేకుల గది. లోపల ఒంటి మంచం. దాని మీద అంచుకి అంచు కలిపి మడిచిన దుప్పటి. గోడవార తెల్ల రంగుతో నంబరు రాసిన నల్ల ట్రంకు పెట్టె. ఎక్కడికీ వెళ్ళే పనిలేకపోయినా అద్దంలా మెరుస్తున్న బూట్లు. మేకుకి ఒక స్టీలు కంచం, ఒక మగ్గు.

గుమ్మంలో నిలబడగానే జయకృష్ణకి ఎన్నో రోజుల తర్వాత ఊపిరి తేలిగ్గా ఆడింది. ఇక్కడ ఏది ఎక్కడుందో అతనికి తెలుసు. కళ్ళు మూసుకుని కూడా అన్నీ తియ్యగలడు. మా పెరట్లో కూడా ఇలాంటి గది ఒకటి వేసుకుంటే, అనుకున్నాడు.

అనుకున్న మరుక్షణం గుమ్మంలోంచి ఒకడుగు వెనక్కి వేశాడు.

"రావోయ్ జయకృష్ణా. సన్నబడ్డావు. ఇంటి తిండి పడలేదా?" అంటూ సుబేదారుగారు మంచం మీద చోటిచ్చారు. కొండల కబుర్లు, పోయినవాళ్ళ కబుర్లు చెప్పుకుంటుండగా ముందు ఇంటి వైపునుంచి పళ్ళెం మీద గరిటెతో టంగుటంగుమని కొట్టిన చప్పుడు. సుబేదారుగారు తటాలున లేచి కంచం అందుకున్నారు. చూసుకుంటే జయకృష్ణ కూడా లేచి నిలబడి ఉన్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ నవ్వు రాలేదు.

"గంట కొడితేగాని అన్నానికి రారు," వడ్డిస్తూ అంది రమాసుందరి. "పిలిస్తే వినపడదు, గంట కొడితే వినపడుతుంది."

"సాబ్, నేనూ కోర్‌లో చేరదామనుకుంటున్నాను," అన్నాడు జయకృష్ణ కంచంలోకి చూస్తూ. "పిల్ల చదువుంది కదా."

"నేనూ మా అబ్బాయి చదువనే చెప్పాను అందరికీ," అన్నారు సుబేదారుగారు. "వాడి చదువు అప్పటికే అయిపోయింది."

రమాసుందరి గరిటె గిన్నెలో వదిలేసి ఎదురుగా కూర్చుంది. "ఇంట్లో ఉండి ఏం చెయ్యాలో తెలీక వెళ్ళారు బాబూ. అబద్ధమెందుకు, వెళ్తుంటే నాకూ హాయిగానే అనిపించింది. ఉప్పు డబ్బా ఎక్కడుందో రోజూ చెప్పే పని తప్పిందనుకున్నాను. తప్పు ఈయనదొక్కటే కాదు. సెలవుకి వచ్చినన్నాళ్ళూ పూచికపుల్ల ముట్టుకోనివ్వలేదు నేను. అల్లుడికి చేసినట్టు చేశాను. చివరికి అల్లుడిగానే మిగిలిపోయారు."

"అల్లుడికైనా ఇంట్లోనే మంచం వేస్తారు," అన్నారు సుబేదారుగారు.

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"విను జయకృష్ణా. తుపాకీ విప్పి బిగించడం మన చేత రోజూ చేయించారు. కళ్ళకి గంతలు కట్టి మరీ చేయించారు. దాని అవసరం కొందరికి జన్మలో రాదు, అయినా సాధన రోజూ చేశాం. ఇంటికి తిరిగొచ్చే రోజు మాత్రం బతికున్న ప్రతివాడికీ వస్తుంది. దానికి సాధన చేసినవాణ్ణి నేనొక్కణ్ణి చూడలేదు. సైన్యం వదిలాక బయట పనికొచ్చే కోర్సుకి పంపిస్తానంటే, ఇల్లు చూసుకోవడానికి మావాళ్ళున్నారు నాకెందుకు సాబ్ అని సీటు వదిలేశావు, గుర్తుందా? నేనూ నా కాలంలో అలాగే వదిలేశాను. సెలవంటే విశ్రాంతి అనుకున్నాం. ఒక్కో సెలవుకీ ఇంటిపని ఒకటి నేర్చుకుని, ఇంటివాళ్ళ కష్టం ఒకటి విని, మన కష్టం ఒకటి వాళ్ళకి చెప్పి ఉంటే ఈ రేకుల గది వెయ్యాల్సిన పని ఉండేది కాదు. ఇంటికి రావడం పింఛను రోజున మొదలయ్యే పని కాదయ్యా, సైన్యంలో చేరిన రోజే మొదలుపెట్టాల్సిన పని. మన తర్వాతి పిల్లలకి ఈ మాట ఎవరూ చెప్పడం లేదు. వెనక్కి వెళ్ళాక నువ్వు చెప్పు."

"నాకు ఆలస్యమైపోయిందా సాబ్?"

"నాకైంది. నీ మంచం ఇంకా ఇంట్లోనే ఉంది కదా."

"ఈయనకీ ఏం కాలేదు, మొండితనం," అంటూ రమాసుందరి లేచింది. "రేపట్నుంచి గంట కొట్టను. ఎలా రారో చూస్తాను."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా జయకృష్ణకి దారిలో ఏదీ కంటికి ఆనలేదు. ఆ రేకుల గదే కళ్ళముందు ఉంది. గదిలో మంచం మీద కూర్చున్న మనిషికి ఒక్కోసారి సుబేదారుగారి మొహం, ఒక్కోసారి తన మొహం.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేశారు. మనోజ్ఞ నేల మీద పుస్తకాలు పరుచుకుని ఉంది. నాగవల్లి వంటింట్లో కుళాయి తిప్పి చూసి, "నీళ్ళయిపోయాయి, మోటారు వెయ్యాలి," అంటూ వచ్చింది. అతను గుమ్మంలోనే నిలబడి ఉండటం చూసి, "మీరు కూర్చోండి," అంది.

"ఏ స్విచ్చో చెప్పు నాగా."

"మీకెందుకండీ, అమ్మాయి వేస్తుందిగా."

"అమ్మాయి వేస్తుంది. నాకు తెలీదు. నిన్న తెరేసమ్మగారు అరుస్తుంటే ఇక్కడే ఉండి కూడా పలకలేకపోయాను." అతను బోర్డు దగ్గరికి నడిచాడు. "భయమేసింది. ఇక్కడికి వచ్చేయాలంటేనే భయంగా ఉంది. కోర్‌లో చేరతానన్నది అందుకే, పిల్ల చదువు కోసం కాదు."

ఆ మాట అతని నోటినుంచి ఆ ఇల్లు ఎప్పుడూ వినలేదు. మనోజ్ఞ తలెత్తింది. నాగవల్లి తడి చేతులు కొంగుకి తుడుచుకుని, చాలాసేపు తుడుచుకుని, మెల్లిగా అంది.

"మాకూ భయంగానే ఉందండీ. మీరొచ్చేస్తే మీతో ఎలా ఉండాలో మాకు తెలీదు. మీరు లేకుండా ఉండటమే వచ్చు మాకు."

నిన్న టిఫిను దగ్గర జారిన ఆ భుజాలకి అర్థం ఇదేనన్నమాట. అతని భయం పోలేదు. కానీ దానికి మొదటిసారి ఒక దిక్కు దొరికింది.

"కింది వరసలో మూడోది నాన్నా," అంది మనోజ్ఞ. "అది వరదనీళ్ళు తాగింది. లోపలికి అదిమి వెయ్యాలి, లేకపోతే పట్టదు."

అతను వేశాడు. పట్టలేదు. చెయ్యి వెనక్కి వచ్చేయబోయింది. మళ్ళీ అదిమి వేశాడు. పెరట్లో మోటారు మూలిగి అందుకుంది.

అతను ఫ్యాను కింద కుర్చీలోకి వెళ్ళలేదు. స్విచ్చుబోర్డు కిందే గోడకి ఆనుకుని నేల మీద చతికిలబడ్డాడు.

"కోర్‌లో చేరను," అన్నాడు. "ఇప్పుడు చెప్పండి. ఆ రోజు నీళ్ళు ఎటునుంచి వచ్చాయి? మొదట్నుంచీ చెప్పండి."

"ముందు బాత్రూం తూములోంచి వచ్చాయి," అని మొదలుపెట్టింది నాగవల్లి. చెబుతూ చెబుతూ అతని ఎదురుగా కూర్చుంది. పుస్తకాలు అటక మీదికి విసరడం, గొంతులోతు నీళ్ళలో కూతుర్ని ముందు నడిపించుకుంటూ, తమ డాబాకి మెట్లు లేక తెరేసమ్మ డాబా ఎక్కడం, పడవలో వచ్చిన పాల ప్యాకెట్లు అన్నీ చెప్పింది. అమ్మ మరిచిపోయినవి మనోజ్ఞ అందించింది. వాళ్ళు ఆగినచోట అతను తన ఆసుపత్రి సంగతి చెప్పాడు. నాగవల్లి అతని ఛాతీ వైపే చూస్తూ విన్నది, అక్కడ ఇంకా నీరుందేమోనన్నట్టు.

పైన ట్యాంకు నిండింది. సన్‌షేడ్ మీద నీళ్ళు పడ్డ చప్పుడుకి తల్లీ కూతుళ్ళిద్దరూ ఒక్కసారే సగం లేచారు.

"మీరు కూర్చోండి," అని జయకృష్ణ లేచి, కింది వరసలో మూడో స్విచ్చు కట్టేశాడు.