మేడ ఎత్తే వ్యాయామం

మరాఠీ గడ్డ మీద సాస్తి బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు డంపర్ నడిపాను. రోజుకు వందసార్లు బండి వెనక్కి తీస్తూ తల తిప్పీ తిప్పీ, రిటైరై దగ్గర్లోనే తుకుంలో ఇల్లు కట్టుకున్నాక నా మెడ మొరాయించింది. అదీ ఎప్పుడు? సరిగ్గా మనవరాలు పుట్టిన వారం. పైకి చూడగలను, ఎదురుగా చూడగలను. కిందికి మాత్రం వంగదు.

వైద్యం చేసేది నా బిడ్డ శ్రావణే. ఫిజియోథెరపీ చదివింది. కాన్పుకు మా దగ్గరికి వచ్చి, పచ్చి బాలింత అయ్యుండి నా మెడకు పట్టీ కట్టింది. కట్టి ఊరుకుందా? మెడ వంగేదాకా పాపను ఎత్తుకోవద్దని హుకుం జారీ చేసింది. ఒళ్లో ఉన్న పిల్లను చూడలేనివాడు దాన్నెలా పట్టుకుంటాడని ఆమె వాదన.

"నీకు మెడ వంగది, దానికి మెడ నిలువది. తాతా మనుమరాలు సక్కగ కుదిరిండ్రు" అని నా భార్య లస్మవ్వ ఒకటే నవ్వు.

నాకు ఒళ్లు మండింది. పాపకు పది వారాలు నిండాయి. ఆదివారం అల్లుడు వచ్చి తల్లీపిల్లలను పుణె తీసుకుపోతాడు. ఈలోగా ఒక్కసారైనా ఎత్తుకోకపోతే నేనేం తాతను?

నొప్పి కాస్త తగ్గిందని, నేను చేయాల్సిన వ్యాయామాలను శ్రావణి మరాఠీలో రాసిచ్చింది. చదవనన్నాను. రాక కాదు, అలక. మర్నాడు ఇంకో కాగితం తెచ్చింది. మరాఠీ బడిలో చదివిన పిల్ల, ఫోన్లో చూసి నేర్చుకున్న అక్షరాలతో తెలుగులో రాసింది: "మేడను మేల్లగా పైకి ఏత్తాలే. పది సార్లు. తర్వాత మేడను ఏడమకు తిప్పాలే."

పడీపడీ నవ్వాను. నవ్వితే మెడ కలుక్కుమంది, అయినా ఆగలేదు.

"ఏమే లస్మీ! నీ బిడ్డ మేడ లేపుమంటుంది. మనకు మేడ యాడిది? ఎదురింటోళ్లది లేపనా?"

"ఏంది తప్పు?" అని శ్రావణి కాగితం లాక్కుంది. "మరాఠీల 'ఏ' ఒక్కటే ఉంటది బాపూ. పొట్టిది ఒకటి, పొడుగుది ఒకటి అని రెండుండయి."

మూతి ముడుచుకుంది. నాకు ముద్దొచ్చింది. ముసలోడి మొండితనానికి, పాలు తాగే పిల్లను పక్కన పెట్టుకుని అక్షరాలు దిద్దింది పిచ్చితల్లి. ఇక ఎదురు చెప్పలేదు. పూటపూటా చేశాను.

చేయిస్తున్నప్పుడు మెడలో ఏడు ఎముకలుంటాయని చెప్పింది. జిరాఫీకీ ఏడేనట, పాపకూ ఏడేనట. పాప ఎముకలు ఇంకా మెత్తన, కండలకు బలం చాలదు, అందుకే తల నిలవదట. "మరి నాయి?" అన్నాను. "నీయి మొండియి" అంది.

శనివారం పొద్దున పరీక్ష. గడ్డానికీ ఛాతీకీ మధ్య రెండు వేళ్లే పట్టాలి. కళ్లు మూసుకుని వంచాను. నాలుగు వేళ్ల దగ్గర ఆగిపోయింది. ఇంకొంచెం బలవంతం చేయబోతే శ్రావణి నుదురు పట్టుకుని ఆపింది. గోడ వైపు తిరిగి కూర్చున్నాను. చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా చెప్తున్నాను.

"పండుకో బాపూ" అంది, చాప మీద పరుపు పరుస్తూ.

"ఇంకెందుకు? అయిపాయె గద!"

"నీదైంది. ఇగ దీనిది. ఎల్లెలుకల పండుకో."

వెల్లకిలా పడుకున్నాను. పాపను తెచ్చి నా ఛాతీ మీద బోర్లా వేసింది. రెండు చేతులతో పొదివి పట్టుకున్నాను. పాల వాసన, పిడికెడు వెచ్చదనం. పాప మూలిగింది. ముఖం నా అంగీకి రుద్దుకుంది. తల లేపబోయి టప్పున పడేసింది. మళ్లీ లేపింది. కందిపోయిన ముఖంతో, గజగజ ఊగుతూ, తల ఎత్తి నిలిపింది. నేను వంగి చూడలేని ముఖం నా ముఖానికి ఎదురుగా ఉంది. నన్ను కళ్లార్పకుండా చూసి, నా గడ్డం మీద ఇంత చొల్లు కార్చి, తల వాల్చేసి నిద్రపోయింది.

"కదలకు బాపూ" అని గుసగుసగా అంది శ్రావణి.

"ఎవడు కదులుతడు?" అన్నాను.