తొంభై కిలోలు

బూడిదరంగు సైకిల్ మీద ఒకసారి, ఆకుపచ్చ సైకిల్ మీద ఒకసారి, రెండుసార్లూ ఆ రాళ్ల మలుపు దగ్గరే పిడుగు కాలు కింద పెట్టేసింది. చేతిలో ఉన్న ఆకుపచ్చదాన్ని పక్కన పడేసి ఒక రాయిని ఫెడీమని తన్నింది. రాయికేమీ కాలేదు, బొటనవేలు మాత్రం చుక్కలు చూపించింది.

"ఇదీ కుదరలేదా?" అని మలుపు కింద నుంచున్న అన్నయ్య అడిగాడు. ఆ గొంతులో తీపి వింటే ఎవరికైనా మండుతుంది.

పిడుగు అనే పేరు ఆమెకి చిన్నప్పుడు అతను పెట్టిందే. ఎనిమిది నెలల కిందట ఆ పిడుగు ఇదే కొండదారిలో పడి భుజం ఎముక విరగ్గొట్టుకుంది. పాత సైకిల్ తుక్కయిపోయింది. అప్పట్నుంచీ సైకిలన్న మాట వస్తే చాలు, ఇంట్లో అమ్మ ఒకటే పోరు. ఆ పోరు పడలేక నిన్న భోజనాల దగ్గర పిడుగే నోరు జారింది. "రేపు షాపతను రెండు సైకిళ్ళు కొండ దగ్గరికి తెస్తున్నాడు. దేనిమీదైనా కాలు కింద పెట్టకుండా ఆ రాళ్ల దిగుడు దిగానా, అది కొంటా. దిగలేదా, జన్మలో సైకిల్ మాట ఎత్తను. సరేనా?" అనేసింది. అమ్మ ఆ మాట గట్టిగా పట్టుకుంది.

రెండూ ముందూ వెనకా కుదుపులు మింగే గాలి షాకులున్న సైకిళ్ళే. బూడిదరంగుది తేలిక, ఎక్కడానికి హాయి. ఆకుపచ్చది కాస్త బరువు, షాకులు పొడుగు, పెద్ద రాళ్ల మీద దిగడానికే చేశారు. ఆ తేడా అంతా షాపతను చెప్తే వినడమే గాని ఆమెకైతే రెండూ ఒకేలా కర్రలా ఉన్నాయి. ప్రతి రాయీ హ్యాండిల్‌లోంచి వచ్చి అతికిన ఎముకలో పోటు పొడిచింది. ఇక నా పని అయిపోయిందనుకుంది. ఏడుపొచ్చింది. ఏడిస్తే అన్నయ్య ఓదారుస్తాడు, ఆ ఓదార్పు తలుచుకుంటేనే ఒళ్ళు మండిపోయి మానేసింది.

"పోనీలే పిడుగూ, నీ తప్పేముంది? ఒంట్లో పట్టు పోయింది. ఇంటికి పోదాం పద."

"నువ్వు కాసేపు నోరు మూసుకుంటావా?"

సైకిల్ లేపబోతూ ఆమె ఆగిపోయింది. వెనక షాక్ కడ్డీ మీద చిన్న రబ్బరు రింగు ఉంటుంది. షాక్ ఎంత నొక్కుకుంటే ఆ రింగు అంత దూరం జరిగి అక్కడే ఉండిపోతుంది. ఇన్ని రాళ్ల మీద ఎగిరినా అది గోరంత కూడా జరగలేదు. ఎక్కే మనిషి బరువుకి మించి గాలి కొడితే షాకు ఇలాగే బిగుసుకుపోతుంది. కుంటుకుంటూ కిందికెళ్ళి, వ్యానుకి ఆనించిన బూడిదరంగుది చూసింది. అదీ అంతే.

"ఎంత బరువు మనిషికని గాలి కొట్టారండీ ఈ షాకులకి?"

షాపతను జేబులోంచి చీటీ తీశాడు. "తొంభై కిలోలండి. రెండింటికీ."

"తొంభయ్యా! నేను తొంభై ఉంటానా? కళ్ళున్నాయా మీకు?"

"మీ అన్నయ్యగారే ఫోన్లో చెప్పారండి. ఆడవాళ్ళని బరువు అడిగితే బాగుండదని నేను మళ్ళీ…"

"కొండమీంచి పడి చస్తే బాగుంటుందా?"

ఆమె పని లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గర. తొమ్మిదేళ్లలో ఏ డ్రైవరు నోటిమాట మీదా ఒక్క కిలో రాయలేదు. దండాలు పెట్టినా, అరిచి గీపెట్టినా బండి పలక మీదికి ఎక్కాల్సిందే. అలాంటి మనిషి సొంత బరువు ఎవరు చెప్పారో, ఎంత చెప్పారో అడగనైనా లేదు. తన బుద్ధికి తనే పళ్ళు నూరుకుంది. తను యాభై నాలుగు. అన్నయ్య అరవై ఎనిమిది. పోనీ పొరపాటున అతని బరువో ఇంకొకరిదో చెప్పాడనుకుందామా అంటే ఇంట్లో తొంభై కిలోల మనిషే లేడు. అప్పుడు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరన్నయ్యా ఆ తొంభై?"

షాకుల్లో గాలి ఎంతుండాలో ఆమెకి నేర్పిన మనిషి అన్నయ్యే మరి.

"నీ అంతట నువ్వే మానేస్తావని…" అన్నాడతను. "ఆ రోజు నీ వెనకే ఉన్నానే. ఎముక విరిగిన చప్పుడు నాకింకా వినిపిస్తోంది."

"నాకూ వినిపిస్తోంది. నాది కదా ఎముక!" ఆమె అరుపుకి షాపతను వ్యాను వెనక్కి తప్పుకున్నాడు. "పొద్దున్నుంచీ నా ఒళ్ళే చచ్చిపోయిందనుకుని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. నువ్వక్కడ నిలబడి చూస్తూ 'పోనీలే' అంటావా? ఈ కర్రల మీద మళ్ళీ పడుంటే? అప్పుడేం చేసేవాడివి?"

అతని మొహం పాలిపోయింది. ఆ సంగతి ఆలోచించనే లేదని చూస్తేనే తెలిసింది.

ఆమె షాపతని వైపు తిరిగింది. "యాభై నాలుగు. నా కళ్ళముందే సరిచేయండి."

అతను షాకులకి చిన్న పంపు బిగించి కొంత గాలి తీశాడు. ముందు బూడిదరంగుది తీసుకుంది. కాలు పెట్టకుండా దిగింది గాని చివరి రాళ్ల దగ్గర వెనక చక్రం ఎగిరి పక్కకి జారింది. ఆకుపచ్చదాని మీద అదే మలుపులో బ్రేకు వదిలేసింది. రాళ్లు దడదడమంటూ కింద చక్రాలతోనే పోట్లాడుకున్నాయి, ఆమె భుజం దాకా ఒక్కటీ రాలేదు. నవ్వొచ్చింది. కోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

"ఇదే," అంది షాపతనితో.

అన్నయ్య మెల్లగా దగ్గరికొచ్చాడు. "అమ్మకి ఏం చెప్దామే?"

"నువ్వే చెప్తావు. తొంభైతో సహా."

హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ ఆమె ఒక్క క్షణం ఆగింది. "'నాకు భయంగా ఉందే, మానెయ్యవే' అని నా మొహం చూసి అడిగుంటే, రెండ్రోజులు పోట్లాడి నిజంగానే మానేసేదాన్నేమో. నీ మాట ఎప్పుడు కాదన్నాను?"

అతను నోరు తెరిచాడు.

"ఇప్పుడు అడక్కు," అని ఆమె మళ్ళీ కొండ ఎక్కడం మొదలుపెట్టింది.