మార్టూరు దాకా రెండు బిందెల నీళ్లు

కారు ఊరికే వేడెక్కుతోందని చూపిస్తే, ఇంజను లోపల అరిగి బోరుకొచ్చిందని మెకానిక్ షెడ్డు రాధాకృష్ణమూర్తి చెప్పగానే మా ఆయన తలూపి వచ్చేశాడు. ఏడు వేలవుతుందట. అంత పెట్టలేకపోతే సోమవారం కల్లా బండి తనకే అమ్మేయమన్నాడట. చిలకలూరిపేటలో ఆ అంబాసిడర్ టాక్సీ మీదే మా ఇల్లు నడుస్తోంది. అది పోతే ఈయన పత్తి మిల్లులో గుమస్తాగా చేరాలి. అందుకూ సిద్ధపడిపోయాడు మహానుభావుడు.

"ఇంకొకళ్లకి చూపిద్దామండీ," అన్నాను.

"పదేళ్లుగా ఆయనే చూస్తున్నాడు. ఇంకొకడి దగ్గరికెళ్తే ఏమనుకుంటాడు?"

ఈ మొహమాటం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పుచ్చు వంకాయలు అంటగట్టినా నోరెత్తని మనిషి. మా ఇంట్లో నోరున్నదాన్ని నేనే. మొన్నటికి మొన్న, రెండు కిలోల పసుపు కొమ్ములు దంచిస్తే నెల తిరక్కుండా పసుపు డబ్బా అడుగంటిందని, దంచిన ఎలీసమ్మని నడివీధిలో నిలదీసి పని మాన్పించాను. "నేను తియ్యలేదమ్మా," అని వెళ్లిపోయింది.

ఆదివారం తెల్లవారగానే రెండు బిందెల నీళ్లు కార్లో పెట్టి, ముందు సీట్లో కూర్చున్నాను.

"మార్టూరు పోనివ్వండి. రాళ్ల క్వారీల్లో ఇంజన్లు బాగుచేసే బుడాన్ ఉన్నాడుగా."

"దారిలో ఆగిపోతే?"

"నేను నెడతాను."

మూడు మైళ్లకోసారి బండి ఆవిరి కక్కింది. ఆగడం, చల్లారనివ్వడం, నీళ్లు పోయడం. మిరప కళ్లాల్లో జనం పని ఆపి మమ్మల్నే చూశారు. చూస్తే చూశారు, నాకేం?

బుడాన్ ముందు ఆయిల్ పుల్ల లాగి చూశాడు. తర్వాత ఇంజను కాసేపు తిప్పి, రేడియేటరు పైన ఒకసారి, కింద ఒకసారి చెయ్యి పెట్టాడు.

"పైన కాలిపోతోంది, కింద చల్లగా ఉంది. నీళ్లు కిందికి దిగట్లేదమ్మా. ఇంజనుకేం కాలేదు. ఆయిల్ కూడా శుభ్రంగా ఉంది."

బండి చల్లారాక కింద పైపు ఊడదీశాడు. చిక్కటి పసుపు ముద్ద ముద్దలుగా జారి నేలంతా పరుచుకుంది.

"చిటికెడంటే మేమూ వేస్తాం సార్. ఇంత పసుపు ఎవరేశారు?"

మా ఆయన నేల చూపులు చూశాడు. "సింగరాయకొండ వెళ్లినప్పుడు రేడియేటరు కారింది. పసుపేస్తే ఆగుతుందన్నారు. ఆగింది. మళ్లీ కారినప్పుడల్లా ఇంట్లో డబ్బాలోంచి..."

అరవాలనిపించింది. అంతలోనే ఎలీసమ్మ మొహమే కళ్లముందు మెదిలింది.

బుడాన్ సాయంత్రానికి గొట్టాలన్నీ కడిగి, కారే చోట అతుకు వేశాడు. తిరుగు ప్రయాణంలో బిందెలు ముట్టుకోవాల్సిన పనే పడలేదు.

"రేపు రాధాకృష్ణమూర్తికి ఏం చెప్పను?" అన్నాడీయన.

"బండి అమ్మనని చెప్పండి. నేనూ పక్కనుంటాను. ముందు ఎలీసమ్మ ఇంటికి పోనివ్వండి."

"ఇప్పుడెందుకే? కనబడినప్పుడు చెబుదాంలే."

"ఇప్పుడే."

ఎలీసమ్మ గుమ్మంలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. కారు చూసి లేచి నిలబడింది. నాకు సిగ్గేసింది. అయినా దిగాను. సీట్లోనే ఉండిపోబోయిన మా ఆయన్నీ చెయ్యి పట్టి దింపాను.

"పసుపు నువ్వు తియ్యలేదు ఎలీసమ్మా. తప్పు నాది," అన్నాను, వీధంతా వినబడేలా. ఆ రోజు దొంగా అన్నదీ అంత గట్టిగానే.